సెవర్న్ బురదలో తవుడు బేరం

సెవర్న్ నది సముద్రంలో కలిసే చోట, లోకంలోని పెద్ద పోట్లలో ఒకటనిపించుకున్న పోటు గుర్రాల దండులా తరుముకొస్తుంటే, ఏడేళ్ళ పిల్లను భుజాన వేసుకుని, మోకాటి లోతు బురదను చీల్చుకుంటూ ఒడ్డుకు పరుగెత్తిన రామచంద్రపురం వాడు ఈ భూమ్మీద నేనొక్కడినే. మా ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలుసు. నేనే చెప్పాను.

రీడింగ్: ఆలస్యంగా వచ్చే నవ్వు

నేను ఇంగ్లండు వెళ్ళింది 2014 అక్టోబరులో. మా అక్క కూతురు శారద రీడింగ్‌లో పిల్లల డాక్టరు. భర్త మురళిది వరంగల్. రోజూ బ్రాక్‌నెల్‌కి కారులో పోయి కంప్యూటరు ముందు కూర్చుని వస్తాడు. వాళ్ళకి పిల్లల్లేరని మావాళ్ళు ఇంకా అంటూనే ఉన్నారు గాని, ఆ ఏడు వేసవి నుంచి వాళ్ళింట్లో ఒక పిల్ల ఉంది. పేరు టిల్లీ. తెల్లపిల్ల, ఏడేళ్ళు, గడ్డిరంగు జుట్టు. దత్తత కోసం కౌన్సిల్ వాళ్ళు, అంటే అక్కడి మునిసిపాలిటీ వాళ్ళు, తెచ్చి ఉంచారు. తెచ్చి ఉంచడం అంటే ఇచ్చేయడం కాదు. సోషల్ వర్కర్ వచ్చి చూసిపోతూ ఉంటుంది, రిపోర్టు రాస్తుంది, ఆ పైన కోర్టు. కోర్టు అవునంటే కూతురు. కాదంటే ఒక రోజు ఎవరో వచ్చి బట్టలు సర్దించి తీసుకుపోతారు. నేను వెళ్ళేసరికి ఆఖరి రిపోర్టు రాయవలసి ఉంది.

మొదటి రోజే ఆ పిల్ల నవ్వు చూసి నాకు వెన్ను జలదరించింది. నేనేదో హాస్యమాడితే శారద నవ్వింది, మురళి నవ్వాడు. టిల్లీ ఒకసారి వాళ్ళ మొహాలు, ఒకసారి నా మొహం చూసి, అంతా నవ్వడం అయిపోయాక నవ్వింది. అద్దం ఒక్క క్షణం ఆలస్యంగా పనిచేసినట్టు. పెదాలు సరిగ్గానే విచ్చుకున్నాయి. కళ్ళు మాత్రం ఆ పనిలో కలవలేదు. తాతా అని పిలవమంటే ‘టాటా’ అంటుంది. వచ్చిన రోజునే నాకు వీడ్కోలు చెబుతున్నట్టుండేది.

“పుట్టిన మొదటి నాలుగేళ్ళూ అది పెరిగిన ఇంట్లో ఏడిస్తే ఎవరూ వచ్చేవాళ్ళు కాదు మామయ్యా,” అంది శారద వంటింట్లో గొంతు తగ్గించి. “కొన్నాళ్ళకి ఏడవడం మానేసింది. మా దగ్గరకొచ్చాక ఇంతవరకూ ఒక్కసారి కూడా ఏడవలేదు.”

“మొండిదా?”

“మొండితనం కాదు. ఏడుపంటే ఒకర్ని పిలవడమే కదా. పిలిస్తే వస్తారని ముందు తెలియాలిగా.”

నేను జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా కాలేజీలో కప్పలు కోయించాను. కోతి కంట్లో తెల్లగుడ్డు పెద్దగా కనబడదు, మనిషి కంట్లో అంత విశాలంగా ఎందుకు కనబడుతుందని ఏటా పిల్లల్ని అడిగేవాణ్ణి. మన చూపు ఎటు పోతోందో పక్కవాడికి తెలియాలని, అని నేనే జవాబు చెప్పేవాణ్ణి. ఒకరి కళ్ళు ఒకరు చదువుకుంటూ, కలిసి వేటాడి, కలిసి తిని బతికిన జాతి మనది. అందుకే మన దొంగచూపు కూడా దాగదు. టిల్లీ అందరి కళ్ళూ చదివేది. తన కళ్ళల్లో మాత్రం ఏమీ రాసి ఉండేది కాదు. పెసరట్టు తిన్నంతసేపూ గుమ్మం వైపే చూస్తూ తినేది. రొట్టెముక్క ఒకటి దాచుకుని దిండు కింద పెట్టుకునేది.

మా కాలేజీ వెనక షెడ్డులో ఒకసారి తల్లి చచ్చిన కుక్కపిల్లను పాలసీసాతో ఒంటరిగా పెంచాం. పెరిగాక మిగతా కుక్కపిల్లల్లో వదిలితే దానికి ఆట తెలియలేదు. మిగతావి ముందుకాళ్ళు వంచి, తోక ఆడించి, ‘ఇది ఉత్తుత్తి కాటు సుమా’ అని చెప్పి మరీ కరుచుకునేవి. దీనికి ఆ మాట వినబడేది కాదు. మెత్తగా పట్టుకుంటే రక్తం వచ్చేలా కరిచేది. ఈ సంగతి శారదకి చేతులు తిప్పుతూ చెప్పాను.

“ఇంత తెలిసినవాడివి, దానితో మాత్రం వేళాకోళాలాడకు మామయ్యా,” అంది.

“ఆయ్! నాకు చెప్పాలా?” అన్నాను.

నా నోటి సంగతి శారదకి తెలుసు. అంతకు ముందురోజే బస్‌స్టాపులో ఒక తల్లి తోపుడుబండిలో ఉన్న పసివాడి బుగ్గ గిల్లి, “వీణ్ణి నేను తీసుకుపోతున్నాను” అన్నాను. మన దగ్గరైతే ఆ తల్లి, “తీసుకెళ్ళండి బాబూ, పీడా వదుల్తుంది” అనేది. ఇక్కడి తల్లి బండిని తన వెనక్కి లాక్కుని, బస్సు వచ్చేదాకా నాకూ పిల్లాడికీ మధ్య గోడలా నిలబడింది.

స్విండన్ దాటాక: రాళ్ళలో కుక్క

శనివారం పొద్దున్నే నలుగురం కారెక్కాం. వేల్స్ తీరంలో, వేల ఏళ్ళ నాటి మనుషుల అడుగులు బురదలో బయటపడుతున్నాయని ఎవరో చెబితే, అవి చూపించమని శారద ప్రాణం తీసినవాణ్ణి నేనే. స్విండన్‌లో మురళి స్నేహితుడింట్లో పులిహోర డబ్బా ఒకటి తీసుకోవాలి. ఆ ఊళ్ళో ఒక రౌండబౌట్, అంటే గుండ్రటి కూడలి, ఉంది. దాని కడుపులో ఇంకో ఐదు పిల్ల రౌండబౌట్లున్నాయి. మురళి అందులో దూరి, వచ్చిన దారికే రెండుసార్లు వచ్చాడు. “మామయ్యా, చక్రవ్యూహం అంటే గిదే. పోవుడు నాకెరికె, బయటికొచ్చుడు ఎరికలేదు,” అన్నాడు. మేమంతా నవ్వాం. వెనక సీట్లోంచి ఒక నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

అక్కడికి కొద్ది దూరంలో పొలాల మధ్య, ఏ కాలపువాళ్ళో నిలబెట్టిన పెద్ద పెద్ద రాళ్ళు గుండ్రంగా ఉన్నాయి. వాటి లోపల ఒక ఊరే ఉంది. గొర్రెలు ఆ రాళ్ళకి ఒళ్ళు రాసుకుంటూ మేస్తున్నాయి. ఆ ఉదయం పొగమంచు కప్పేసింది. నడుస్తుంటే ఎదురుగా మనిషి నిలబడ్డాడనిపిస్తుంది, దగ్గరికెళ్తే రాయి. వెనక్కి తిరిగితే ఆ రాయి ఉన్నచోట ఉండదు. శారద, మురళి టీ తేవడానికి వెళ్ళారు. టీ ఒక్కొక్కటి రెండు పౌండ్ల పైచిలుకు. మా ఊళ్ళో ఆ డబ్బుకి టీకొట్టు ముందు బెంచీ మీదున్న వాళ్ళందరికీ పోయించవచ్చు. టిల్లీ, నేను మిగిలాం.

మంచులోంచి ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలావిడ ఒకతె, చెవులు వేలాడే గోధుమరంగు కుక్కతో వచ్చింది. ప్రతి రాతి మీదా ఒకసారి అరచెయ్యి ఆనిస్తోంది. కుక్క టిల్లీని చూసి ముందుకాళ్ళు వంచి, పిర్ర పైకెత్తి, ఒక్క గెంతు గెంతింది. పిల్ల కర్రలా బిగుసుకుపోయింది.

“భయం లేదమ్మా, ఆడుకుందాం రమ్మంటోంది,” అంది ఆవిడ.

“ఆట అని మీకెలా తెలుసు?” అంది టిల్లీ. అది మాట్లాడింది ఇంగ్లీషే. నేను తెలుగు చేసి రాస్తున్నాను.

“తోక చూడు.”

టిల్లీ తోకనే చాలాసేపు చూసింది. “తోక లేనివాళ్ళయితే?”

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. కుక్కను పిలుచుకుని, ఇంకో రాతి మీద చెయ్యివేసి, మంచులోకి వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు కూడా వినబడలేదు.

ఆ నిశ్శబ్దం నాకు పడలేదు. నాకు భయం వేస్తే నోరు లేస్తుంది. పక్కన పిల్ల ఉంది, నేను తాతని. ఇంక ఆ నోట్లోంచి ఏం వస్తుందో తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ‘నిన్ను తవుడుకి కొన్నాం’ అన్న మాట వినకుండా మన దగ్గర పెరిగిన పిల్ల ఉందా? మా అమ్మ నాతో అంది. నేను నా తమ్ముడితో అన్నాను. శారద చిన్నప్పుడు దానితోనూ అన్నాను. పిల్ల బుంగమూతి పెడుతుంది, తల్లి లాక్కుని ముద్దెట్టుకుంటుంది, అందరూ నవ్వుతారు, అంతే కథ.

“టిల్లీ, నిన్నెక్కణ్ణుంచి తెచ్చామో తెలుసా? రెండు బస్తాల తవుడిచ్చి కొన్నాం.”

“తవుడంటే?”

“బియ్యం మీది పొట్టు పొడి. బ్రాన్. మా ఊళ్ళో గేదెలకి పెడతాం.”

“ఎవరికిచ్చారు?”

“మీ వాళ్ళకి.”

“నేను చెడ్డగా ఉంటే?”

“నిన్ను వెనక్కిచ్చేసి, మా తవుడు మేం తెచ్చేసుకుంటాం!”

బస్సు ఎప్పుడొస్తుందో చెబితే తలూపినట్టు ఊపింది. తరవాత మెల్లిగా నా చుట్టూ తిరిగి, వెనకవైపుకి వెళ్ళి, నా కోటు కింది అంచు దగ్గర చూసి వచ్చింది.

“ఏం చూశావ్?”

“ఏమీ లేదు,” అంది.

దేనికోసం చూసిందో నాకు కారెక్కి చాలా దూరం వెళ్ళాక తట్టింది. అప్పుడు కూడా నవ్వుకున్నాను.

వంతెన: వెళ్ళడానికి డబ్బు, రావడానికి ఉచితం

సెవర్న్ మీద వంతెన దాటి వేల్స్‌లోకి వెళ్ళాలంటే సుంకం కట్టాలి. తిరిగి ఇంగ్లండుకి రావడానికి చిల్లిగవ్వ కూడా అక్కర్లేదు. “పోయేటందుకు పైసలు, వచ్చేటందుకు ఫ్రీ. వేల్స్‌ల ఉండనీకి మంది గంత ఉరుకుతరేమో,” అన్నాడు మురళి. మన పుణ్యక్షేత్రాల్లోనూ లోపలికెళ్ళడానికే టిక్కెట్టు కదా అని నేనన్నాను.

“వెనక్కి తీసుకెళ్ళడానికి ఏమీ ఇవ్వక్కర్లేదా?” అని వెనక నుంచి టిల్లీ అడిగింది.

“అక్కర్లేదు బంగారం,” అంది శారద.

దాని తరవాత పిల్ల మాట్లాడలేదు. కింద నది కనబడలేదు. బూడిదరంగు ఖాళీ ఒకటి ఉంది, అంతే.

ఆ రాత్రికి తీరం దగ్గర ఒక ఊరి చివర ఒక ఇంట్లో గదులు తీసుకున్నాం. పొద్దున్న టిఫిన్‌లో ఇంటావిడ లేవర్ బ్రెడ్ పెట్టింది. పేరుకే బ్రెడ్డు, నిజానికి ఉడకబెట్టిన సముద్రపు నాచు. చూడ్డానికి నాలుగు రోజుల గోంగూర, రుచికి గోదావరి లంకల్లో చేపల గంప. నేను రెండు ప్లేట్లు తిన్నానని మావాళ్ళకి చెప్పాను గాని, ఒక చెంచా తిని మిగతాది టోస్టు కింద దాచాను.

బల్ల మీద గాజుసీసాలో ఏవో గోధుమరంగు అటుకుల్లాంటివి ఉన్నాయి.

“అదేంటి?” అంది టిల్లీ.

“బ్రాన్ ఫ్లేక్స్, చిట్టీ. ఒంటికి మంచిది,” అంది ఇంటావిడ.

“మనుషులు తింటారా?”

“మీ తాతంత వయసువాళ్ళు తింటారు.”

ఆవిడ లోపలికెళ్ళాక టిల్లీ సీసాలో చెయ్యిపెట్టి గుప్పెడు తీసి నీలం కోటు జేబులో వేసుకుంది. మరో గుప్పెడు రెండో జేబులో. నేను చూశాను. పాపం, ఆకలి చూసిన పిల్ల, దాచుకునే బుద్ధి ఎక్కడికి పోతుంది అని లోలోపల పాఠం చెప్పుకున్నాను. శారదకి కూడా చెప్పలేదు. అర్థం చేసుకున్న పెద్దమనిషిని కదా.

బురద: అడుగులు

మమ్మల్ని తీసుకెళ్ళినావిడ పేరు గ్వెన్. ఆ ఊరి చరిత్ర మీద ఇష్టమున్న బృందంలో మనిషి. నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పుడు మాత్రమే జనాన్ని లోపలికి తీసుకెళ్తుంది. అందరికీ రబ్బరు బూట్లు ఇచ్చింది. “నేను అడుగేసిన చోటే అడుగెయ్యండి. నల్లటి నేల గట్టిది. మెరిసేది నమ్మకండి. ఈల వేస్తే వచ్చెయ్యండి,” అంది. మాతోపాటు పిట్టల్ని చూడ్డానికొచ్చిన ఇద్దరు మగవాళ్ళున్నారు.

ఆ చోటెలా ఉందో చెప్పడానికి నాకు అబద్ధాలు కూడా చాలవు. ఆకాశం, నేల, నీళ్ళు మూడూ ఒకే రంగు. ఎక్కడ ఏది మొదలైందో తెలియదు. కూలిన చెట్ల మోళ్ళు బురదలోంచి నల్లగా తలలెత్తి ఉన్నాయి. సముద్రం వచ్చి మింగిన అడవట. ఎక్కడో పిట్ట ఒకటి మనిషి గొంతుతో ఎవరినో పిలిచినట్టు అరిచి ఊరుకుంటోంది. మన గోదావరి సముద్రంలో కలిసేచోట జాలర్ల కేకలుంటాయి, వలలుంటాయి, మడ చెట్లుంటాయి. ఇక్కడ మాట్లాడితే మాట నోటి ముందే పడిపోతోంది.

గ్వెన్ ఒకచోట వంగి వేలు చూపించింది.

చిన్న పాదం. ఐదు వేళ్ళూ విడివిడిగా, బొటనవేలు కాస్త లోతుగా నొక్కుకుని, వేళ్ళ సందుల్లోంచి బురద పైకి ఉబికి. దాని ముందు ఇంకొకటి. ఆ ముందు ఇంకొకటి. గుంటల్లో నీళ్ళు మెరుస్తున్నాయి. వేల ఏళ్ళంటే నా మనసు నమ్మలేదు. ఇప్పుడే ఎవరో నడిచి, మా అలికిడి విని, మంచులో నాలుగడుగుల అవతల ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టుంది.

“పిల్ల పాదాలు. ఇంచుమించు నీ అంత,” అంది గ్వెన్ టిల్లీతో.

“ఒక్కతేనా?”

“ఈ వరసలో ఒక్కరే కనబడుతున్నారు. పెద్దవాళ్ళవి మట్టి కింద ఎక్కడో ఉండే ఉంటాయి.”

“మీరు చూశారా?”

“ఇక్కడైతే చూడలేదు,” అంది గ్వెన్ నిజాయితీగా.

శారదకి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. డ్యూటీలో ఉండవలసిన వాళ్ళెవరో సెలవు పెట్టారట, సిగ్నల్ కోసం ఒడ్డు వైపు నడిచింది. మురళి ఫోటోలు తీసుకుంటున్నాడు. పిల్లను చూస్తూ ఉండమని నాతో చెప్పారు. నాకేమో పిట్టల మనుషులిద్దరూ చెవులప్పగించి దొరికారు. మొదలుపెట్టాను. మనిషి పిల్లంత చేతకాని పిల్ల జంతుజాలంలో లేదు. తల్లి ఒక్కతే పెంచలేదు, గుంపంతా కావాలి. పిల్ల ఏడిస్తే తిరిగి చూసిన గుంపులే మిగిలాయి, చూడనివి పోయాయి. దయ అనేది పురాణాల్లో పుట్టలేదు నాయనలారా, ఇదిగో ఇలాంటి బురదలో, ఏడుస్తున్న పిల్ల దగ్గర పుట్టింది. ఇలా చెప్పుకుపోతూ, ఉదాహరణకి ఈ పిల్లనే చూడండి అని చెయ్యి పక్కకి చాపాను.

పక్కన పిల్ల లేదు.

మంచులో, ఆ అడుగులు వెళ్ళిన వైపే, నీలం కోటు మసకమసకగా కనబడుతోంది. పిలిచాను. తిరగలేదు. ఇంక ఆలోచించలేదు, అడ్డదారిన వెళ్ళాను. మెరిసే నేల మీద.

ఇక్కడ ఆగి ఒక మాట ఒప్పుకోవాలి. గుర్రాల దండు లేదు. పోటు ఇంకా చాలా దూరంలో, తిరగనే లేదు. పిల్లను నేను భుజాన వేసుకోలేదు, అసలు ముట్టుకోలేదు. పరుగెత్తలేదు. మోకాటి లోతు బురద మాత్రం నిజం. అందులో మేకులా దిగబడింది నేను. కాలు లాగితే రెండోది ఇంకా దిగుతోంది. చల్లదనం ఎముకలోకి పాకుతోంది. వెనక్కి తిరిగి చూస్తే మనుషులు లేరు, మంచే.

టిల్లీ వచ్చి నాకు కాస్త దూరంలో నల్లటి నేల మీద నిలబడింది.

“దిగబడిపోయానమ్మా. వెళ్ళి ఎవరినైనా పిలువు.”

కదల్లేదు. నన్నే చూస్తోంది. ఆ బూడిదరంగులో దాని కళ్ళ తెల్లగుడ్లు తప్ప నాకేమీ స్పష్టంగా కనబడలేదు. ముప్ఫై ఏళ్ళు నేను పాఠంగా చెప్పిన కళ్ళు. వాటిలో జాలి ఉందా, కోపముందా, ఏమీ లేదా, చదవలేకపోయాను. ఈ పిల్ల నేను మునిగేదాకా ఇలాగే నిలబడి చూస్తుందేమో అన్న ఆలోచన వచ్చింది. ఒక పసిపిల్లను చూసి నేను అలా భయపడటం అదే మొదలు. అరిచాను. మంచు ఆ కేకను తినేసింది.

అది జేబులో చెయ్యిపెట్టి, గుప్పిట తీసి, నావైపు చాపింది. తడిసి ముద్దైన బ్రాన్ ఫ్లేక్స్.

“ఇది సరిపోతుందా?”

“ఏంటది?”

“తవుడు. రెండు బస్తాలు లేదు. ఈ జేబులో ఇంకొంచెం ఉంది. మీ తవుడు మీకిచ్చేస్తున్నాను. అప్పుడింక నన్ను వెనక్కి ఇవ్వక్కర్లేదు కదా?”

కాళ్ళు లాక్కోవడం ఆపేశాను.

“తవుడు లేదమ్మా,” అన్నాను. “ఎవరూ ఎవరినీ కొనలేదు. నేను అబద్ధం చెప్పాను.”

“మీరు అబద్ధాలు చెబుతారని శారద చెప్పింది.”

“నిజమే. చెబుతాను.”

“మరి ఇందులో ఏది అబద్ధం? ఆ రాళ్ళ దగ్గర చెప్పిందా, ఇప్పుడు చెప్పిందా?”

ఆడించి చూపించడానికి నాకు తోక లేదు.

అది నేల గట్టిగా ఉన్నంతమేర ముందుకొచ్చి, వంగి, ఆ ముద్ద నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే ఒక్కొక్కటీ మూసింది. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. తరవాత వెనక్కి తిరిగి నడిచింది. పరుగెత్తలేదు. నడిచింది. మనుషులున్న వైపుకో, ఆ అడుగుల వెంటో, మంచులో నాకు తెలియలేదు. నీలం రంగు బూడిదరంగయింది. బూడిదరంగు ఏమీ కానిదయింది. పిట్ట మళ్ళీ ఎవరినో పిలిచింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు.

ముందు ఈల వినబడింది. తరవాత శారద గొంతు. గ్వెన్ చెక్కపలకలు వేసి, బోర్లా పడుకోమని, నన్ను తొక్క ఒలిచినట్టు బయటికి లాగింది. ఎడమ బూటు అక్కడే ఉండిపోయింది.

తిరుగుదారి

“చేతిలో ఏంటి మామయ్యా అది?” అంది శారద, కారు దగ్గర తువ్వాలు కప్పుతూ. గుప్పిట ఇంకా మూసే ఉందని అప్పుడు చూసుకున్నాను.

చెప్పాను. పెంచకుండా, తుంచకుండా చెప్పిన మాటలు నా జన్మలో అవే. శారద వింటూ వింటూ కారు బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

“నా చిన్నప్పుడు నాతోనూ అనేవాడివి,” అంది. “నేను అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చేదాన్ని. అదో సరదా. నాకు పట్టుకోవడానికి కొంగు ఉంది మామయ్యా.”

మురళికి కోపం వస్తే మాట నెమ్మదవుతుంది. “మామయ్యా, పోరి నిన్నటికెళ్ళి మాతోని ఎందుకు మాట్లాడుతలేదని నేను పరేషాన్ అవుతున్న. మీరేమో నవ్వుకుంట కూసున్నరు.”

“ఇదంతా హెలెన్‌కి చెప్పాలి,” అంది శారద. హెలెన్ అంటే సోషల్ వర్కర్. మర్నాడే వస్తుంది.

“చెప్పకపోతేనేం? ఎవరికి తెలుస్తుంది? రిపోర్టులో పిల్ల పారిపోయిందని రాస్తే కోర్టు ఏమంటుందో?” అన్నాను.

“ఏమన్నా అననీ. ఇంట్లో ఒక అబద్ధం చాలు.”

వంతెన దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. టిల్లీ కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది. వాళ్ళిద్దరూ వంతులవారీగా దానికి చెప్పారు, తవుడు లేదని, బస్తాలు లేవని, దాని కోసం ఎంతకాలంగా ఎదురుచూశారో, ఏమేం చేశారో. వింది. తలూపింది. అదే తలూపు. శారద మొహం చూడలేక నేను దారిపొడుగునా నా ఒంటి బూటు చూసుకుంటూ కూర్చున్నాను.

మళ్ళీ రీడింగ్: హెలెన్ వచ్చింది

కోర్టు ఏమందో ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. తరవాతి వసంతంలో అవునంది. కాని ఆ సోమవారం మధ్యాహ్నం మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. హెలెన్ నడివయసు మనిషి, పెద్ద సంచి, చిన్న గొంతు. టిల్లీ మెట్ల మీద కూర్చుని ఉంది.

శారద నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను. తప్పంతా నా నెత్తిన వేసుకుంటే పిల్ల మిగులుతుందని నా లెక్క. వేసుకునేటప్పుడు కొంచెం బరువుగానే వేసుకున్నాను. నేనొక దుర్మార్గపు ముసలివాణ్ణని, నా మాటకి బెదిరి పాపం ఆ పసిది ఇల్లు వద్దనుకుని సముద్రంలోకి పారిపోయిందని, పోటు మా వెనకే బుసలుకొడుతోందని, చివరికి ఆ చిట్టితల్లే గ్వెన్ దగ్గరకి పరుగెత్తుకెళ్ళి నా ప్రాణం కాపాడిందని. ‘పారిపోయింది’ అన్న చోట హెలెన్ కలం ఆగింది. మురళి తల పట్టుకున్నాడు.

“ఆయన చెప్పింది తప్పు,” అంది మెట్ల మీది గొంతు.

అందరం తిరిగాం.

“నేను పారిపోలేదు. ఆ పిల్ల పక్కన వాళ్ళమ్మ పాదాలు లేవు. ఎక్కడున్నాయో చూడ్డానికి వెళ్ళాను. పోటు రాలేదు. గ్వెన్ మెరిసేచోట అడుగెయ్యొద్దంది, ఆయన వినలేదు, పైగా లావుగా ఉన్నారు, అందుకే దిగబడ్డారు. నేను పరుగెత్తలేదు, నడిచాను. గ్వెన్ దగ్గరికి కాదు. శారద దగ్గరికి.”

హెలెన్ కలం పక్కన పెట్టింది. “మరి తాత చెప్పిన ఆ తవుడు మాట, టిల్లీ? భయం వేసిందా?”

“అప్పుడు వేసింది. తరవాత కారులో ఆలోచించాను.”

“ఏమని?”

టిల్లీ నావైపు చూసింది. క్లాసులో తప్పు జవాబు చెప్పిన మొద్దు కుర్రాణ్ణి నేను ఎలా చూసేవాణ్ణో సరిగ్గా అలాగే.

“శారద నా కోసం ఏడాదంతా ఫారాలు నింపింది. హెలెన్, మీరొచ్చి మా ఫ్రిజ్ కూడా తెరిచి చూశారు. తవుడుకి కొనేవాళ్ళు అంత పని పెట్టుకోరు. ఈయనకి అసలు బేరమే తెలీదు.”